విమల ఎంచుకున్న పేపరు

జూన్ 29, ఆదివారం

విమల డిగ్రీలో చేరింది. బీఏ క్రిమినాలజీ.

ఈ ఇంట్లో పోలీసును నేను. పంతొమ్మిదేళ్ల సర్వీసు. అందులో పదకొండేళ్లు స్టేషన్ రైటర్‌గానే. ఎఫ్ఐఆర్ అయినా, పంచనామా అయినా నా చేతిరాత మీదుగా పోవాల్సిందే. నేరం గురించి తెలుసుకోవడానికి మూడేళ్ల కోర్సు ఎందుకు? పక్కనే ఉన్నాను, అడిగితే సరిపోయేది. అడగలేదు. అప్లికేషన్ పెట్టి, సీటు వచ్చాక చెప్పింది. అదీ చారు పోస్తూ.

ఇంటర్ అయిన ఏడాదికే మా పెళ్లయింది. ఇప్పుడు ఆమెకు ముప్ఫై ఏడు. మా పూజిత ఇంటర్ సెకండియర్. ఇంతకాలం లేనిది ఇప్పుడెందుకు అని అడిగాను. "ఊకెనే. సదువుకోవాలనిపించింది" అంది.

మంచిదే అన్నాను. మంచిదే అని రెండుసార్లు అన్నాను.

జూలై 1

స్టేషన్లో చెప్పకుండా ఉండాల్సింది. వైకుంఠమన్నా, ఇగ వదినమ్మ వచ్చి నీ కుర్చీల కూసుంటది, నువ్వు ఇంట్ల బియ్యమేరుకో అన్నారు మావాళ్లు. ఎస్ఐ గారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 3, ఉదయం 5.20

నాకంటే ముందే లేచింది. పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి, పూజిత స్కేలుతో గళ్లు గీస్తోంది. ఒక గడిలో పేపర్ పేరు, పక్కన క్రెడిట్లు, ఆ పక్కన రోజు. క్లాసులు శని, ఆదివారాలు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దాటాక ఒక బిల్డింగ్ రెండో అంతస్తులో స్టడీ సెంటర్. మొదటి సెమిస్టర్‌కి నాలుగు పేపర్లు అందరికీ ఒకటే. అయిదోది మాత్రం మూడింట్లో ఒకటి మనమే ఎంచుకోవాలట. పోలీస్ అడ్మినిస్ట్రేషన్, సైబర్ క్రైమ్, విక్టిమాలజీ.

ఇవన్నీ నాకు చెప్పలేదు. పూజితకు చెబుతుంటే గడ్డం గీసుకుంటూ విన్నాను.

చాయ్ పదిహేను నిమిషాలు లేటు.

జూలై 4

స్టడీ సెంటర్‌లో భరద్వాజ్ అనే కౌన్సిలర్ ఉన్నాడు. ఏ పేపర్ తీసుకుంటే తర్వాతి సెమిస్టర్లలో ఏది తీసుకోవచ్చో చెప్పేది అతనే. భోజనం చేస్తున్నంతసేపూ "భరద్వాజ్ సార్ చెప్పిన్రు" అంది. ఏడుసార్లు. లెక్కపెట్టాను.

జూలై 6

మొహర్రం బందోబస్తు. ఉదయం ఆరు నుంచి ఊరేగింపు అయ్యేదాకా నిలబడే ఉన్నాను. ఇంటికొచ్చి బూట్లు విప్పుతున్నాను. లోపల విమల ఫోన్లో మాట్లాడుతోంది. నవ్వుతోంది. "అయ్యో, లేదండీ" అంటోంది.

లేదండీ! శాలిబండలో పుట్టి పెరిగిన మనిషి. ఈ ఇంట్లో ఎవరం ఎప్పుడైనా "అండీ" అన్నామా? ఆ భరద్వాజ్ కోస్తా వాడయి ఉంటాడు. అతనితో మాట్లాడుతూ మాట్లాడుతూ ఈమె భాషే మారిపోతోంది.

ఎవరు అని అడగలేదు. నీళ్లు కావాలన్నాను. తెచ్చిచ్చింది. ముఖం మీద ఆ నవ్వు ఇంకా ఉంది. నాది కాని నవ్వు.

జూలై 7

ఇవాళ కూరగాయలవాడితో కూడా "అండీ" అంది.

జూలై 9

స్టేషన్ బీరువాలో పాత పోలీస్ మాన్యువల్ ఉంటే అడిగి తెచ్చాను. నేను డిపార్ట్‌మెంట్ పరీక్షకు చదివిన పుస్తకమే అది. పోలీస్ అడ్మినిస్ట్రేషన్ పేపర్ తీసుకో, నేను చెబుతాను, ఫస్ట్ క్లాస్ గ్యారంటీ అన్నాను. చూస్తా అంది. పుస్తకం ఫ్రిజ్ మీద పెట్టింది. దాని మీద క్రోషియా గుడ్డ కప్పింది, దుమ్ము పడకుండా.

పూజిత అది చూసి, డాడీకి జలసీ అంది. గట్ల మాట్లాడకు అని కసిరాను. కసిరినకొద్దీ అది నవ్వింది.

జూలై 12

విక్టిమాలజీకి ఆప్షన్ పెట్టేసింది. ముప్ఫై సీట్లే ఉన్నాయట. సీటు ఖాయమైతే మెసేజ్ వస్తుంది, రెండు రోజుల్లో ఓటీపీ కొట్టి కన్‌ఫర్మ్ చేయాలి. చేయకపోతే ఏ పేపర్‌లో ఖాళీ ఉంటే అందులో పడేస్తారట.

బాధితుల మీద ఒక పేపరంతా ఏముంటుందన్నాను. బాధితుడు వస్తాడు, ఫిర్యాదు ఇస్తాడు, సంతకం పెడతాడు, పోతాడు. ఆ తర్వాతే అసలు పని మొదలవుతుందన్నాను.

విమల నావైపు చూసింది. "గంతేనా?" అంది.

గంతే అన్నాను. బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి వెళ్లింది. అరగంట దాకా దిగలేదు. బకెట్‌లో ఉన్నవి ఆరో ఏడో బట్టలు.

జూలై 15, ఉదయం 11.40

మెసేజ్ నాకొచ్చింది.

అప్లికేషన్‌లో తన నంబరు, నా నంబరు రెండూ ఇచ్చిందట. కంప్యూటర్ నాది పట్టుకుంది. విక్టిమాలజీ, సీటు నంబరు ఇరవై ఆరు. పదిహేడో తారీకు సాయంత్రం అయిదులోగా కన్‌ఫర్మ్ చేయాలి. కింద లింకు.

ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టి, ఒక చీటింగ్ కేసు స్టేట్‌మెంట్ పూర్తి చేశాను.

జూలై 15, సాయంత్రం

"మెసేజ్ గిట్ల ఏమన్న వచ్చిందా?" అని అడిగింది. నా నంబరుకే వస్తుందని ఆ సార్ చెప్పాడట.

రాలేదు అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. నా ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పేవాళ్ల చేతులు చూస్తే నాకు ఇట్టే తెలిసిపోతుంది. నా చేతులు చపాతీ తుంచుతూనే ఉన్నాయి. ఆమె నా చేతులు చూడలేదు. ఫోన్ చూసుకుంటోంది.

జూలై 16

పొద్దున అడిగింది. రాలేదన్నాను. సాయంత్రం అడిగింది. వస్తే చెప్పనా అని విసుక్కున్నాను. ఇంకా ఇరవై నాలుగు గంటలుంది. రేపు చెబుతాను. ఆమెకు కాస్త భయం తగలనీ, నా అవసరం ఏమిటో తెలియనీ అని మాత్రమే.

జూలై 17, సాయంత్రం 5.10

అయిదు దాటింది.

డ్యూటీలోనే ఉన్నాను. పని లేదు. నాలుగున్నరకు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే ఆమె ఫోన్ చేసింది. మెసేజ్ గురించనుకున్నాను. ఆ మాటే ఎత్తలేదు. భరద్వాజ్ సార్‌కు ఫోన్ కొడితే ఎత్తడం లేదు, ఆయనకు ఏమయిందో ఏమో అంది. ఆ గొంతులోని ఆత్రం విన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

జూలై 20

లాల్ దర్వాజ బోనాలు. క్యూ దగ్గర నా డ్యూటీ. పదకొండు గంటలకు విమల వచ్చింది, నెత్తి మీద బోనం, పక్కన పూజిత. ఎండకు ముఖమంతా ఎర్రబడింది. తాడు పైకెత్తి ముందుకు పంపిస్తానని సైగ చేశాను. వద్దని కళ్లతోనే చెప్పి, మిగతా ఆడవాళ్ల వెనకే నిలబడింది. గంటన్నర నిలబడింది. నన్ను దాటి వెళుతూ, పొద్దున ఏమన్న తిన్నరా అని అడిగింది.

తిన్నానన్నాను. అదీ అబద్ధమే.

జూలై 22

లిస్టు వచ్చింది. పోలీస్ అడ్మినిస్ట్రేషన్.

పూజిత లొల్లి చేసింది. మమ్మీ, కొట్లాడు, మెయిల్ పెట్టు అంది. విమల లేచింది. స్టూలెక్కి ఫ్రిజ్ మీది మాన్యువల్ దించింది. గుడ్డతో తుడిచింది. "ఇగ మీరే చెప్పాలె" అంది.

నాకు కావాల్సింది సరిగ్గా ఇదే. పక్కన కూర్చోబెట్టుకుని మొదటి చాప్టర్ చెప్పాను. హోదాలు, అధికారాలు, ఎవరు ఎవరికి రిపోర్ట్ చేయాలి. ఇరవై నిమిషాలు చెప్పాను. చెప్పిందంతా రాసుకుంది. ఒక్క ప్రశ్న అడగలేదు. మధ్యలో నేను కావాలనే ఒక తప్పు చెప్పాను, పట్టుకుంటుందేమోనని. అది కూడా రాసుకుంది.

భరద్వాజ్‌తో మాట్లాడేటప్పుడు ఎన్ని ప్రశ్నలు అడిగేదో.

జూలై 24

ఆమె గళ్లు గీసి గోడకు అంటించిన క్యాలెండర్ కాగితం ఇప్పుడు లేదు. ఎక్కడ పెట్టావని అడిగితే, దేనికి ఇప్పుడు అంది.

జూలై 26, శనివారం

రెండు గంటలు పర్మిషన్ తీసుకుని స్టడీ సెంటర్‌కు వెళ్లాను. యూనిఫాంలోనే వెళ్లాను. ఎందుకని నన్ను నేను అడగను. అతను నన్ను చూసి కాస్త బెదరాలనే.

భరద్వాజ్‌కు ముప్ఫై కూడా ఉండవు. అందగాడే. అది ఒప్పుకోవాలి. లేచి నిలబడ్డాడు, కూర్చోమన్నాడు, చెప్పండి సార్ అన్నాడు. విమలాదేవి భర్తను అన్నాను. అతను బుర్ర గోక్కున్నాడు. "ఏ విమలాదేవి గారండీ? మూడొందల ఇరవై మంది ఉన్నారండీ, ఏమనుకోకండి" అన్నాడు.

తెలియదు! నా భార్య అతనికి తెలియదు. అడ్మిషన్ నంబరు చెబితే కంప్యూటర్‌లో వెతికాడు. ఆ, ఆవిడా, బోలెడు ప్రశ్నలేస్తారండీ అన్నాడు, ఇంకో ఫోన్ ఎత్తుతూనే. మూడు వారాలు నేను ఈ కుర్రాడి మీద పళ్లు నూరుకున్నాను.

పేపర్ మార్చడానికి వీలుందా అన్నాను. విక్టిమాలజీలో ఇద్దరు మానేశారు, కారణం రాసిస్తే మారుస్తాం అన్నాడు. మెసేజ్ ఆలస్యంగా వచ్చిందని రాస్తానన్నాను. అతను స్క్రీన్ చూసి, మెల్లగా, పదిహేనో తారీకు పదకొండూ నలభైకి డెలివర్ అయిందండీ అన్నాడు.

తెల్ల కాగితం ఇచ్చాడు. పంతొమ్మిదేళ్లలో ఎంతమంది చేత ఎన్ని స్టేట్‌మెంట్లు రాయించానో. నాది నేను రాయడానికి ముప్పావు గంట పట్టింది. చివరకు రెండు వాక్యాలు. మెసేజ్ నాకు వచ్చింది. నేను నా భార్యకు చెప్పలేదు. కింద సంతకం.

దరఖాస్తు కాపీ జత చేయాలని ఆమె ఫైల్ నా చేతికిచ్చి జిరాక్స్ తీయించుకు రమ్మన్నాడు. కింద షాపులో క్యూ ఉంది. నిలబడి తిరగేశాను. మూడో పేజీలో, ఈ కోర్సును ఎందుకు ఎంచుకున్నారు అనే చోట, విమల చేతిరాత.

నా గురించే ఉంటుందనుకున్నాను. పోలీసు భార్యను కాబట్టి అని. నా భర్త స్ఫూర్తితో అని. నిజంగానే అలా అనుకున్నాను.

జూలై 27

ఆ పేజీకి ఇంకో కాపీ తీసుకున్నాను. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా నాన్నగారిని అఫ్జల్‌గంజ్‌లోని మా ఇత్తడి సామాన్ల దుకాణం నుంచి పోలీసులు తీసుకువెళ్లారు. ఎక్కడికో తెలియడానికి మాకు ఒక రోజు పట్టింది. అమ్మ వెళ్లి అడిగితే అలాంటి మనిషి ఇక్కడ లేడన్నారు. మూడో రోజు వదిలేశారు. ఎందుకు తీసుకువెళ్లారో చెప్పలేదు. ఎందుకు వదిలారో చెప్పలేదు. కేసు లేదు. ఆ తర్వాత మా నాన్నగారు దుకాణంలో ఏనాడూ రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చోలేదు. ఏ తప్పూ చేయని మనిషికి జరిగినదాన్ని ఏమంటారో తెలుసుకోవాలని ఈ కోర్సులో చేరుతున్నాను."

నా పేరు ఎక్కడా లేదు. భార్య అనే మాట కూడా లేదు.

పద్దెనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు చెప్పలేదు. ఎవరు చదువుతారో తెలియని ఒక ఫారానికి చెప్పింది. భరద్వాజ్ మీద ఉన్న కుళ్లు ఎటో పోయింది. ఈ కాగితం మీద వస్తోంది. చించేయాలనిపించింది. చించలేదు.

జూలై 29

అఫ్జల్‌గంజ్ వెళ్లాను. మామూలు బట్టల్లో. మా మామ బసవయ్య గోడవైపు తిరిగి బిందె తోముతూ కూర్చున్నాడు. నేను మొదటిసారి చూసినప్పుడూ అలాగే కూర్చున్నాడు. రోడ్డు మీది దుమ్ముకని అనుకున్నాను, అడగలేదు.

నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేస్తాడు. అల్లుడికి మర్యాద అనుకునేవాణ్ని. ఊళ్లో ఎవరి మామ ఇంత మర్యాద చేస్తాడని స్టేషన్లో చెప్పుకున్నాను కూడా.

కూసోండి మామా అన్నాను. నేను కూర్చునేదాకా కూర్చోలేదు. డెబ్భై రెండేళ్ల మనిషి. బిడ్డ మంచిగున్నదా అన్నాడు. మంచిగుందన్నాను. ఇంకేం అడగలేక చాయ్ తాగి వచ్చేశాను.

జూలై 31

విమలకు చెప్పాను. పూజిత ట్యూషన్‌కు వెళ్లాక, వంటింట్లో. మెసేజ్ వచ్చిందని, దాచానని, సెంటర్‌లో రాసిచ్చానని, తన పేజీ చదివానని. వరసగా చెప్పాను, మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని.

బెండకాయలు తరుగుతోంది. ఆపలేదు. ఎందుకు దాచిన్రు అని అడిగింది. ఆ సార్‌తో నవ్వుతూ మాట్లాడావు అన్నాను. బయటికి అనేసరికి ఎంత చిన్నగా వినిపించిందో. ఆమె కత్తిపీట పక్కకు జరిపి నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

మరి మీ నాయన సంగతి నాకెందుకు చెప్పలేదన్నాను. నాకూ అడిగే హక్కు ఉందన్నట్టు కాస్త గట్టిగానే అన్నాను.

"మీరు ఇంటికొచ్చి ఎవర్ని కూసుండబెట్టిన్రో, ఎవడు ఎట్ల ఏడ్చిండో చెప్పుకుంట నవ్వుతరు. గా నోటికి మా నాయన్ని ఎట్ల ఇయ్యాలె?" అంది.

నేను అలా నవ్వుతానా? ఎప్పుడు? గుర్తు చేసుకోబోతే చాలా గుర్తొచ్చాయి.

ఇంకో మాట కూడా చెప్పింది. మా సంబంధం గురించి. వాళ్లది నడిచే దుకాణం. మాది పూట గడవని కిరాణం. అయినా నాకే పిల్లనిచ్చారు. నాలో ఏదో చూశారని, గవర్నమెంటు ఉద్యోగం, మంచి పిల్లగాడు అనుకున్నారని ఇన్నాళ్లూ నాకొక గర్వం.

"ఇంట్ల ఒక పోలీసోడు ఉంటే మళ్లెవ్వడు రాడనుకున్నడు మా నాయన. గందుకే ఇచ్చిండు" అంది.

బెండకాయ కూర బాగా కుదిరింది. ముగ్గురం తిన్నాం.

ఆగస్టు 8

పేపర్ మారింది. విక్టిమాలజీ. మెసేజ్ ఆమె ఫోన్‌కే వచ్చింది. నంబరు మార్పించుకుందట. నాకు పూజిత చెప్పింది.

ఆగస్టు 9

మొదటి క్లాసు. బండి మీద దింపుతానన్నాను. షేర్ ఆటో ఉంది కదా అంది.

సెప్టెంబర్ 8

నెల రోజులు ఏమీ రాయలేదు. రాయడానికి ఏముంది? ఆమె చదువుతోంది. నేను చూస్తున్నాను.

అసైన్‌మెంట్ ఇచ్చారు. పోలీసు శాఖలో పనిచేసినవారిని ఒకరిని ఇంటర్వ్యూ చేయాలి. పూజితతో చెబుతుంటే విన్నాను. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని హాల్లో కూర్చున్నాను, సెలవు రోజయినా.

విమల నోట్‌బుక్ పట్టుకుని పక్కింటికి వెళ్లింది. శ్రీహరిరావు గారి దగ్గరికి. ఆయన రిటైర్డ్ ఏఎస్ఐ, రాజమండ్రి వైపు మనిషి, సర్వీసంతా ట్రాఫిక్. ట్రాఫిక్! గోడవతల రెండు గంటలు ఆయన గొంతు. అండీ, అండీ, అండీ. ఆమె ప్రశ్న మీద ప్రశ్న. ఒకచోట ఇద్దరూ నవ్వారు. టీవీ సౌండ్ పెంచాను. తర్వాత వినపడడం లేదని తగ్గించాను.

సెప్టెంబర్ 9

నన్నెందుకు అడగలేదని అడిగేశాను. పదకొండేళ్లు రైటర్‌ని, సిటీలో నాకు తెలిసినంత ఆ ట్రాఫిక్ ఆయనకు తెలుసా అన్నాను.

మిమ్మల్ని అడిగే ప్రశ్న ఒక్కటే ఉన్నది, అది అసైన్‌మెంట్ కోసం కాదు అంది. అడుగు అన్నాను.

అడిగింది. నేను రైటర్‌గా ఉన్నప్పుడు, ఎవరినైనా తీసుకొచ్చి, రిజిస్టర్‌లో పేరు ఎక్కించకుండా ఉంచారా, ఇంటివాళ్లు వస్తే ఇక్కడ లేడని చెప్పింది నేనేనా అని.

డ్యూటీకి టైమైందన్నాను. ఇవాళ కూడా నాకు సెలవేనని ఇద్దరికీ తెలుసు. బూట్లు వేసుకుని బయటికి వచ్చేశాను. శాలిబండ నుంచి చార్మినార్ దాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిచాను.

సెప్టెంబర్ 12

మళ్లీ అడగలేదు. అడగదు. తెలుసు.

మామూలుగానే ఉంది. అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది. పుస్తకం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ ముఖంలోకి ఒక శ్రద్ధ వస్తుంది. పెన్ను పళ్లమధ్య పెట్టుకుని, కనుబొమలు దగ్గరికి తెచ్చుకుని చదువుతుంది. పుస్తకంలో ఎవరెవరో ఉంటారు. ఎక్కడో, ఎప్పుడో ఏదో జరిగినవాళ్లు. వాళ్లని అలా చూస్తుంది. నన్ను ఒక్కసారి కూడా అలా చూడలేదు. ఆ పేరులేని మనుషులందరి మీదా నాకు ఈర్ష్యగా ఉంది. రాసుకోవడానికి సిగ్గేస్తోంది. కానీ ఉంది.

సెప్టెంబర్ 14, ఆదివారం, ఉదయం 7.00

ఆ రోజు అడిగినదానికి అవును అన్నాను.

పుస్తకం మూసి నావైపు తిరిగింది. ఎంతమంది అని అడగలేదు. రిజిస్టర్‌లో ఎక్కించని పేరు అడిగింది. చెప్పాను. నోట్‌బుక్ కొత్త పేజీ తీసి, ఇంటిపేరుతో చెప్పుండ్రి అంది.